ఇద్దరికీ కొత్త ఊరు

కొత్త కాపురంలో ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ చుట్టమే. తెనాలిలో మా పుట్టింటికి వెళ్తే మావారు అల్లుడుగారు. కూర్చున్న కుర్చీలోంచి కదలనివ్వరు. ఒంగోలు వెళ్తే నేను కొత్త కోడల్ని. పంచదార డబ్బా ఏ అలమరలో ఉందో కూడా అడిగి తెలుసుకోవాలి. పెళ్ళయిన నాలుగో నెలలో, 2018 నవంబరులో, మావారికి బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చి జర్మనీ వెళ్ళాం. అక్కడ మాత్రం ఇద్దరం కొత్తే. ఒకరికొకరం చుట్టాలం కాము.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ కాగితం చేతికొస్తేగానీ మిగతా పనులు కదలవు. అవన్నీ అయ్యేసరికి డిసెంబరు వచ్చేసింది. సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దుగూకేది. భోంచేసి కాస్త నడుం వాల్చి లేస్తే చీకటే. ఇక ఆదివారం దాదాపు కొట్లన్నీ మూత. అక్కడి చట్టమే అంత. మనకి ఆదివారమంటే బజారు, చుట్టాలు, సినిమా. వాళ్ళకి ఆదివారమంటే నిశ్శబ్దం. కొనేదేమీ లేదు కాబట్టి మేం నడవడం మొదలుపెట్టాం. ఒక వారం ఆయన చెప్పిన చోటికి, మరో వారం నేను చెప్పిన చోటికి అని ఒప్పందం.

మొదట ఎక్కింది రింగ్ రైలు. నగరం నడిబొడ్డు చుట్టూ 37 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, సరిగ్గా గంట. ఎస్ 41 గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్తుంది, ఎస్ 42 ఎదురు దిశలో వెళ్తుంది. "ఎస్ 41 ప్రదక్షిణం, రెండోది అప్రదక్షిణం" అన్నాను. మావారు పగలబడి నవ్వారు. ఆ రోజు ఎక్కడా దిగకుండా ఒక చుట్టు పూర్తిచేశాం. కాలువలు, ఫ్యాక్టరీ గొట్టాలు, వేలెడంత తోటలు, బట్టలారేసిన బాల్కనీలు. పెళ్ళిచూపుల్లో అడగడం మరిచిపోయిన ప్రశ్నలన్నీ ఆ గంటలో అడుక్కున్నాం.

అయితే ఆదివారం తర్వాత సోమవారం వస్తుంది కదా! ఆయన ఆఫీసులో అందరూ ఇంగ్లీషు మాట్లాడేవారు. మధ్యాహ్నం భోజనానికి తోడుండేది. ఏ పేటలో ఏం బాగుంటుందో వాళ్ళే చెప్పేవారు. నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగం వదిలి వచ్చాను. ఇక్కడ కిటికీలోంచి ఎదుటింటి చెట్టు చూడ్డమే నా పని. అమ్మ ఫోన్ చేసి "ఏం చేస్తున్నావే?" అంటే, వంట తప్ప చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఫిబ్రవరిలో ఒక రాత్రి మావారు కొత్తగా తెలిసిన కాఫీ హోటల్ గురించి ఉత్సాహంగా చెబుతుంటే నా నోట్లోంచి వచ్చేసింది: "మీకు ఊరు దొరికిందండీ. నాకు ఆదివారం ఒక్కటే దొరికింది."

ఆయన ఏమీ అనలేదు. మర్నాడు బూట్లు తొడుక్కుంటూ, "ఇక ప్రతి ఆదివారం నా ఫోను ఇంట్లోనే పెట్టేస్తాను. ఎక్కడికెళ్ళాలో, ఏ రైలెక్కాలో అంతా నువ్వే చూడు. నేను నీ వెనకాల వస్తాను" అన్నారు. ముందు ఒళ్ళు మండింది. బాధ చెప్పుకుంటే పని అప్పగిస్తారేమిటి అనుకున్నాను. కానీ ఆదివారం దారి చూపించాలంటే వారం మధ్యలో ఆ దారి నాకు తెలియాలి. అలా గడప దాటాను.

మంగళ, శుక్రవారాల్లో మైబాఖ్ ఊఫర్ అనే కాలువ గట్టున సంత జరుగుతుంది. ఎక్కువగా టర్కీవాళ్ళ దుకాణాలు. కొత్తిమీర, పుదీనా, వంకాయలు, బెండకాయలు చూసేసరికి ప్రాణం లేచొచ్చింది. ధర దగ్గరే చిక్కు. జర్మన్‌లో ఇరవై ఒకటిని 'ఒకటీ ఇరవై' అంటారు. నలభై ఏడంటే 'ఏడూ నలభై'. లెక్కల టీచర్ని, చిల్లర చేతిలో పట్టుకుని అంకెలు తిరగేసుకుంటూ నిలబడేదాన్ని. ఆ చిక్కే నన్ను జర్మన్ క్లాసుకి పంపింది. నగరంలోని 12 డిస్ట్రిక్టుల్లోనూ పెద్దలు చదువుకునే ప్రభుత్వ కేంద్రాలున్నాయి. అక్కడే చేరాను.

ఒక ఆదివారం మావారిని బెర్నావర్ వీధికి తీసుకెళ్ళాను. 1961 ఆగస్టు 13న తూర్పు జర్మనీ సరిహద్దు మూసేసినప్పుడు, ఈ వీధిలో ఒక వరస ఇళ్ళు తూర్పువి, వాటి ముందున్న కాలిబాట పడమటిది. జనం కిటికీల్లోంచి కాలిబాట మీదికి దూకారు. తర్వాత ఆ కిటికీలు ఇటుకలతో మూసేశారు. పశ్చిమ బెర్లిన్ చుట్టూ 155 కిలోమీటర్ల గోడ, 1989 నవంబరు 9 దాకా 28 ఏళ్ళు. ఇదంతా నేను చెబుతుంటే మావారు చాలాసేపు మాట్లాడలేదు. ఆనక, "అమ్మకి ఫోన్ చేయాలి, నీ ఫోనివ్వు" అన్నారు. మేం కోరి దూరం వచ్చినవాళ్ళం. టికెట్టు కొనుక్కుంటే వెళ్ళిపోగలం. వీధి అవతలే ఉన్న తల్లిని చూడలేని దూరం ఎలాంటిదో అక్కడ నిలబడితే తెలిసింది.

ఎండలొచ్చాక టెంపుల్‌హోఫ్ వెళ్ళాం. 2008లో విమానాలు ఆగిపోయిన విమానాశ్రయం అది. 2010 నుంచి పార్కు. 1948-49లో నగరానికి రోడ్డు, రైలు దారులు మూసేస్తే బొగ్గూ పిండీ విమానాల్లో వచ్చి దిగిన చోటు. ఇప్పుడు రన్‌వే మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు, గాలిపటాలు ఎగరేస్తారు. అక్కడ ఇళ్ళు కట్టొద్దని 2014లో జనమే ఓటేసి ఆపారు. మరో వారం ఉంటర్ డెన్ లిండెన్‌లోని విశ్వవిద్యాలయం ముందు ఆగి, "హైదరాబాదులో పుట్టి రాష్ట్రపతి అయిన జాకీర్ హుస్సేన్ డాక్టరేట్ తీసుకుంది ఇక్కడే" అంటే, "ఇవన్నీ ఎప్పుడు నేర్చావు?" అన్నారు మావారు. "మీరు ఆఫీసులో ఉన్నప్పుడు" అన్నాను.

ఇప్పుడు నేను పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెబుతున్నాను, అంకెలు తిరగేసే జర్మన్‌లోనే. పాత ఉద్యోగంతో పోలిస్తే చిన్నది. ఆ వెలితి పూర్తిగా పోయిందని చెప్పను. కానీ అమ్మ ఫోన్ చేస్తే చెప్పడానికి కబుర్లుంటాయి.

విదేశానికి బయల్దేరే కొత్త జంటలు పొడులూ పచ్చళ్ళూ సర్దుకుంటారు. మంచిదే. దాంతోపాటు ఒక మాట కూడా అనుకుని వెళ్ళండి: ఊరిని ఇద్దరూ చూడాలి, దారి మాత్రం వంతులవారీగా చూపాలి. ఎప్పుడూ ఒకరే ముందు నడిస్తే, రెండోవాళ్ళకి కనిపించేది ఊరు కాదు, ముందు నడిచేవాళ్ళ వీపు.

2023 వేసవిలో అత్తయ్యగారు వచ్చారు. "ఏరా, ఇక్కడేదో ప్రదక్షిణం రైలుందటగా, ఎక్కడెక్కాలి?" అని కొడుకుని అడిగారు. ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "కోడల్ని అడగమ్మా, ఈ ఊరు తనది" అన్నారు.