ఏలూరులో ప్రసాదం

ఏలూరు అనగానే తివాచీలు, తమ్మిలేరు, పక్కనే కొల్లేరు గుర్తొస్తాయి. ద్వారకా తిరుమల వెళ్లేవాళ్లు చాలామంది ఇక్కడ దిగి బస్సెక్కుతారు. నేనూ అలాగే దిగాను. కానీ ఊళ్లో తిరుగుతున్నంతసేపూ నా బుర్రలో మెదిలింది 2019 నాటి సైనైడ్ కేసే.

ఆ ఏడాది అక్టోబరులో ఇక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకాయన డబ్బు, నగలతో ఇంట్లోంచి బయల్దేరి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఒంటిమీద దెబ్బ లేదు. చూస్తే గుండెపోటే అనిపిస్తుంది. మరి డబ్బేది? నగలేవి? ఇంట్లోవాళ్లకొచ్చిన ఆ అనుమానమే కేసును కదిలించింది. ఫోన్ కాల్స్ ఆధారంగా వెతికిన పోలీసులకు, గతంలో ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా పనిచేసిన మనిషి దొరికాడు. నవంబరులో అరెస్టు చేశారు. 2018 ఫిబ్రవరి నుంచి 20 నెలల్లో కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల్లో 10 మందిని ఇలాగే చంపి దోచుకున్నాడని పోలీసులు చెప్పారు. వాళ్లలో అతని సొంత బంధువులూ ఉన్నారు. సైనైడ్ అందించాడంటూ మరొకరినీ పట్టుకున్నారు.

ఎర ఏంటో తెలుసా? రైస్ పుల్లింగ్ కాయిన్. బియ్యపు గింజల్ని తనవైపు లాగుతుందట, ఇంట్లో ఉంటే కోట్లే కోట్లట! ఇంకొందరికి గుప్త నిధుల ఆశ. డబ్బు, బంగారం తెచ్చాక చేతిలో కాస్త ప్రసాదం. అందులోనే సైనైడ్.

అది ఒంట్లోకి వెళ్తే రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణాలు వాడుకోలేవు. నిమిషాల్లో ప్రాణం పోతుంది. అందుకే చాలా చావులు పెద్దగా అనుమానం రాకుండా గడిచిపోయాయి.

సాయంత్రం ఒక గుడి బయట పెద్దావిడ ఆకుదొన్నెలో పులిహోర పెట్టి "తిను నాయనా" అంది. కళ్లకద్దుకుని తిన్నాను. ఆవిడ అందరి ముందూ, అందరికీ పెడుతోంది. ఆ కేసులో ప్రసాదం అందింది మాత్రం చాటుగా. గుట్టు బేరం కాబట్టి ఎక్కడికి, ఎవరి దగ్గరికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పుకునే వీల్లేదు. హంతకుడికి విషం ఎంత పనికొచ్చిందో, ఆ గుట్టూ అంతే పనికొచ్చింది.

కాయిన్ పేరు రేపు మారొచ్చు. "ఎవరికీ చెప్పకు, డబ్బు పట్టుకుని ఒక్కడివే రా" అన్న మాట మారదు. అది వినపడితే ముందు ఇంట్లో చెప్పండి. ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా పోయి, ఒంటిమీది నగలు కనపడకపోతే మాత్రం పోస్టుమార్టం అడగండి. ఏలూరులో ఒక కుటుంబం అనుమానపడింది కాబట్టే లెక్క 10 దగ్గర ఆగింది.