రాకెట్ల నీడలో తడ

చెన్నై నుంచి గూడూరు వైపు వచ్చే లోకల్ రైల్లో ఆరంబాకం దాటగానే స్టేషను బోర్డు మీద అక్షరాలు మారిపోతాయి. అదే తడ. ఆంధ్రాకి దక్షిణపు గుమ్మం. 2022 ఏప్రిల్లో కాగితాల మీద తిరుపతి జిల్లాకి వెళ్ళింది గానీ, ఇక్కడి మాట, ఇక్కడి చేపల పులుసు రెండూ ఇంకా నెల్లూరువే.

లారీ డ్రైవర్లకి తడ అంటే చెక్‌పోస్టు. 2017 జులైలో జీఎస్టీ వచ్చి పన్నుల చెక్‌పోస్టు పోయాక ఆ బారులు తగ్గాయి. చెన్నై కుర్రాళ్ళకేమో తడ అంటే జలపాతం. నిజానికి ఆ ఉబ్బలమడుగు తడలో లేదు, పడమరగా వరదయ్యపాళెం దాటి అడవిలోకి పోవాలి. శని, ఆదివారాల్లో మోటారు సైకిళ్ళేసుకుని వచ్చేవాళ్ళు "అక్కడ సిగ్నల్ ఉండదు మచ్చా, హాయిగా ఉంటది" అని మురిసిపోతుంటారు. వాళ్ళకి రెండు రోజుల హాయి అది. ఊరికి తూర్పున, పులికాట్ వైపు ఉన్నవాళ్ళని సిగ్నల్ గురించి అడిగితే వేరే మాట వినిపిస్తుంది.

సరిహద్దు ఊరు కాబట్టి ఇక్కడ ఫోను కూడా రెండు రాష్ట్రాల మనిషే. బజార్లో నాలుగు అడుగులు వేస్తే చాలు, తమిళనాడుకి స్వాగతం అంటూ మెసేజీ వచ్చేస్తుంది. పదేళ్ళ కిందటైతే ఇది నవ్వులాట కాదు. అవతలి టవరు అందుకుంటే రోమింగ్ పడేది, వచ్చే కాల్‌కి కూడా డబ్బులు కోసేవాళ్ళు. 2015 జూన్‌లో బీఎస్ఎన్ఎల్ ఇన్‌కమింగ్ రోమింగ్ ఎత్తేసింది, ఆ మరుసటేడు జియో వచ్చింది, ఆ బాధ తీరింది. తడలో డిజిటల్ ఇండియా అంటే ముందుగా తీరిన కష్టం ఇదేనేమో.

భీములవారిపాళెం రేవు దగ్గర నిలబడితే పులికాట్ నీళ్ళు కళ్ళకి అందినంత మేర కనిపిస్తాయి. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం మనవైపే ఉంది. శీతాకాలంలో ఫ్లెమింగోలు దిగుతాయి, సూళ్ళూరుపేటలో వాటి పేరుతో పండగ కూడా చేస్తారు. ఇరకం దీవికి పోవాలంటే ఇక్కడే పడవ ఎక్కాలి. బియ్యం మూటైనా, గ్యాసు బండైనా, పురిటి నొప్పులొచ్చిన మనిషైనా పడవ మీదే. పడవాయన్ని సెల్లు సంగతి అడిగితే, "కొన్నిచోట్ల వస్తాది, కొన్నిచోట్ల రాదు సామీ. యాడొస్తాదో మాకు తెలుసు, ఆడికి పోయి మాట్లాడతాం" అన్నాడు. చేప ఎక్కడ పడుతుందో తెలిసినట్టే అదీను.

ఆ నీళ్ళకి అవతల శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న అక్కడ మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. అంతకు ముందు ఆ దీవి యానాదుల ఊరు. తేనె, దుంపలు, వేరుమందులు, చేపలు వాళ్ళ బతుకు. రాకెట్ కేంద్రం కోసం వాళ్ళని కదిలించారు. ఇప్పుడు అక్కణ్ణించి రాకెట్ లేచిందంటే తడలో మేడలెక్కి చూస్తారు. కిటికీలు గలగలమంటాయి. 2004 సెప్టెంబరు 20న వెళ్ళినదాని పేరు ఎడ్యుశాట్. కేవలం చదువు కోసమే మన దేశం పంపిన ఉపగ్రహం. మారుమూల బళ్ళకి పాఠాలు అందించాలన్నది ఉద్దేశం. అంతకు ముందే, 1975లో, అమెరికా ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ పాఠాలు చూపించారు. అందులో ఆంధ్రా కూడా ఉంది. అంటే, దూరంగా ఉన్న పిల్లలకి చదువు ఎలా అందించాలా అని మనవాళ్ళు ఆలోచించడం మొదలెట్టి యాభై ఏళ్ళు.

సరిగ్గా అవసరం పడింది 2020లో. మార్చిలో బళ్ళు మూసేశారు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు పెట్టారు. విద్యాశాఖ పిల్లల్ని మూడు రకాలుగా చీల్చింది. స్మార్టుఫోనూ నెట్టూ ఉన్నవాళ్ళు హైటెక్, టీవీయో రేడియోనో ఉన్నవాళ్ళు లోటెక్, ఏమీ లేనివాళ్ళు నోటెక్. పేర్లు వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా, ఒక్కసారైనా ప్రభుత్వ కాగితం మీద 'ఏమీ లేనివాళ్ళు' ఉన్నారని రాశారు. అది నాకు నచ్చింది. వాళ్ళ కోసం విద్యావారధి అని వ్యాన్లు తిప్పారు. వ్యాను రోడ్డున్న ఊరికి వస్తుంది. పడవ ఎక్కదు కదా!

ఇక పడమటి వైపు చూడండి. తడ నుంచి పట్టుమని అరగంట కూడా పట్టదు, శ్రీసిటీ. 2015 ఆగస్టులో షావోమీ కంపెనీ ఇండియాలో చేసిన తన మొదటి ఫోను ఇక్కడి ఫాక్స్‌కాన్ షెడ్డులోనే బిగించారు. రెడ్‌మీ 2 ప్రైమ్. విడుదల విశాఖపట్నంలో చేశారు. బిగించిన చేతులు ఎక్కువగా ఆడపిల్లలవి. చుట్టుపక్కల పల్లెల నుంచి, ఇంకా దూరాల నుంచి వచ్చినవాళ్ళు. షిఫ్టు మారే వేళ తడ రోడ్డు మీద కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతుంటే, కిటికీల్లో అలిసిపోయిన మొహాలు, చెవుల్లో వైర్లు. మన రాష్ట్రంలో ఇంటర్నెట్ ఒక్కసారైనా వాడిన ఆడవాళ్ళు నూటికి 21 మందేనని 2019-20లో జరిపిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మగవాళ్ళు 48 మంది పైచిలుకు. ఫోను చేసేది అమ్మాయిలు, వాడేది అబ్బాయిలు అన్నమాట. ఈ ఐదారేళ్ళలో ఆ లెక్క మారే ఉంటుంది, ఆ బస్సుల్ని చూస్తే తెలుస్తూనే ఉంది. జీతం చేతికొచ్చిన పిల్ల మొదట కొనేది ఫోనే. రెండోది అమ్మకి.

ఇప్పుడు ఫోను లేని ఇల్లు తక్కువే. మరి సమస్యేంటి? ఇంటికి ఒక ఫోను ఉండటం. అది నాన్న జేబులో ఉండటం. నాన్న తెల్లారుజామున వలేసుకుని సరస్సు మీదకి పోవడం.

బజారు సెంటర్లో ఒక జిరాక్స్, నెట్ షాపు ముందు కూర్చున్నాను. గంటలో వచ్చినవాళ్ళలో సగం మందికి కావలసింది ఒకటే: ఓటీపీ. ఒకావిడ కొంగులో ముడేసిన ఆధార్ కార్డు తీసింది. తల్లికి వందనం డబ్బులు పడలేదట. 2025 జూన్‌లో తల్లుల ఖాతాల్లో పిల్లకి 13,000 చొప్పున వేశారు. ఖాతాకి ఆధార్ ముడిపడి ఉండాలి. దాన్నే ఇప్పుడు పల్లెల్లో కూడా 'ఎన్‌పీసీఐ లింకు' అంటున్నారు. చదువురాని అవ్వ కూడా ఆ నాలుగు అక్షరాలు తప్పు లేకుండా పలుకుతోంది. షాపు కుర్రాడు చూసి, "అక్కా, నీ ఆధార్‌కున్న నంబరు ఎవురిది?" అన్నాడు. "మా ఆయనది పాతది అబ్బయ్యా. రీచార్జి చేయకపోతే పోయింది." పోయిన నంబరు కంపెనీ వాళ్ళు ఇంకెవరికో ఇచ్చేశారు. ఓటీపీ ఏ ఊరివాడికో పోతోంది. నంబరు మార్చాలంటే ఆధార్ సెంటరుకి పోవాలి, వేలిముద్ర వేయాలి. వలలు లాగి, రొయ్యలు ఒలిచి అరిగిన వేళ్ళు. మిషను ఒప్పుకోదు. "ఇంకోసారి రా అక్కా" అంటారు. ఇంకోసారి రావడమంటే ఆ రోజు కూలి పోవడమే.

2025 జనవరి 30న మన మిత్ర అని వాట్సాప్‌లోనే 161 సేవలు పెట్టారు. మంచి పనే. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ నిజంగా తగ్గింది, కాదనడానికి లేదు. సచివాలయం వాళ్ళు పింఛను ఇంటికే తెచ్చిస్తున్నారు. అయినా ఆ వాట్సాప్ నడపడానికి కూడా ఈ షాపుకే వస్తున్నారు. కుర్రాడు పనిని బట్టి ఇరవయ్యో యాభయ్యో తీసుకుంటాడు. ఉచిత సేవకి ఊళ్ళో పడ్డ ధర అది. నేనైతే అతన్ని తప్పు పట్టను. ఓపిగ్గా చెప్పేవాడు ఊరికి ఒకడు ఉండటమే గొప్ప.

రీచార్జి లెక్క కూడా వేద్దాం. 2024 జులైలో రేట్లు పెంచాక రోజుకి ఒకటిన్నర జీబీ వచ్చే జియో ప్లాను 299 అయింది. నెలకి అనుకుంటాం గానీ అది 28 రోజులకే. ఏడాదికి 12 కాదు, 13 సార్లు వేయించాలి. 3,887 రూపాయలు. పదో తరగతి పిల్లకి విడిగా ఇంకో ఫోను ఉంటే అంతకి రెండింతలు. పీతలు పడని నెలల్లో ముందు ఆగేది ఈ రీచార్జే. ఆగిందంటే నంబరు పోతుంది, నంబరు పోయిందంటే పైన చెప్పిన కథ మొదలు.

2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులిచ్చారు. వాటి మీద జరిగిన రాజకీయం పక్కన పెడితే, పాఠాలన్నీ ముందే అందులో ఎక్కించి ఇచ్చిన ఆలోచన మాత్రం ఇలాంటి చోటుకి సరిగ్గా సరిపోయేది. నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి. ఆ ఎక్కించే పని ఇప్పుడు పిల్లలే చేసుకుంటున్నారు.

సాయంత్రం రేవులో అది చూశాను. పడవ కదలడానికి ఇంకా టైముంది. యూనిఫాంలో ఉన్న అమ్మాయి ఒడ్డున మట్టి మీద గొంతుక్కూర్చుని, వాళ్ళ మామ ఫోనులో లెక్కల పాఠం డౌన్‌లోడ్ పెట్టింది. ఇంట్లో అరవం, బడిలో తెలుగు, వీడియోలో ఇంగ్లీషు. గీత మెల్లగా సాగుతోంది. పడవలో పీతల గంపలు ఖాళీగా ఉన్నాయి, మనుషులు సర్దుకుంటున్నారు. ఇంజను తాడు చేతిలో పట్టుకుని మామ కేకేశాడు, "ఎంతుందే ఇంకా?"

"నాలుగు ఎంబీ మామా, ఉండు!"

ఆయన తాడు వదిలి బీడీ వెలిగించాడు.