తీగ కొనుటకు ముందు

సోదరీమణులారా! ఇంటికి వలయు వస్తువులను కొనునపుడు మన మెంతటి నేర్పును చూపుదుము! బియ్యము ప్రాతవో క్రొత్తవో గింజను నోట వేసికొని చెప్పగలము. పట్టుచీర యంచును వ్రేళ్ళ నడుమ నలిపి దాని నాణ్యము నెఱుగగలము. కాని పాట వినిపించు పెట్టెల వెనుక వ్రేలాడు తీగల యొద్దకు వచ్చునప్పటికి మాత్రము "అవి మగవారు చూచుకొందురు" అని తప్పించుకొందుము. నేనును మొన్నటివఱ కట్లే యుంటిని. అందువలన నేను పోగొట్టుకొనబోయిన దేమో తెలిసిన పిమ్మట ఈ నాలుగు మాటలు వ్రాయవలెనని తోచినది.

మా యమ్మ సంగీతము నేర్చినది కాదు. అయినను ఆమె జోల పాడిన కన్ను మూయని బిడ్డ మా వీధిలో లేదు. 1987 లో మా తమ్ముడు ఆమెను కూర్చుండబెట్టి పాడించి యొక క్యాసెట్టు నింపెను. 2004 లో అమ్మ మమ్ము విడిచి పోయినది. నాటినుండి ఆ క్యాసెట్టు నా బీరువాలో పట్టుచీరల మడతల నడుమ నుండెను. ఈ మధ్య మా అమ్మాయి పురిటికి వచ్చి, "అమ్మా! అమ్మమ్మ పాటలను కంప్యూటరులోని కెక్కించి పెట్టుము. పుట్టబోవు బిడ్డ ఆ గొంతు వినవలెను" అని కోరినది.

ప్రాత టేపు పెట్టె మా యింటనే కలదు. దానిని కంప్యూటరుతో కలుపు తీగ యొక్కటియే కావలెను. అంగడికి పోయి "పాట యెక్కించు తీగ నిండు" అని యడిగితిని. అతడు అయిదు మీటర్ల తీగ నొకదానిని చేతిలో పెట్టెను. కంప్యూటరు వెనుక గులాబిరంగు కన్నము కనబడగా, దానిలో గ్రుచ్చితిని. అమ్మ గొంతునకు బదులు పగిలిన కుండను గీరినట్టి మ్రోత! దానికి తోడు తుమ్మెద రొదవంటి యొక హోరు. మరల అంగడికి పోగా అతడు "ఇది చవుకది గనుక నట్లున్నది" యని బంగారుపూత ముళ్ళు గల తీగ నిచ్చి 2,500 రూపాయలు తీసికొనెను. ఇంటికి వచ్చి చూడగా మ్రోత యంతయు యథాతథముగనే యుండెను. మూడవ మాఱు వేయుచుండగా టేపు రీలు లోపల చిక్కుకొని బయటికి వచ్చినది. నా గుండె జల్లుమనెను. పెన్సిలును చక్రమున గ్రుచ్చి మెల్లగా త్రిప్పి దానిని లోని కెక్కించునప్పటికి నా చేతులు వణకినవి. ఇక నొక్కమాఱు తప్పినచో ఆ గొంతు లోకమున లేకపోవును.

మా ప్రక్కవీధిలో రేడియోలు బాగుచేయుచు జీవితము గడిపిన వృద్ధు డొకరు కలరు. ఆయనను మేమందఱము బాబాయిగా రందుము. నా మొఱ విని ఆయన వచ్చి తీగవంక చూడనైన చూడక, పెట్టెల వెనుకభాగమును దీపము పెట్టి చూచి నవ్వెను. "అమ్మా! నీవు తీగను చూచి కన్నమును వెదకితివి. ముందుగా కన్నములను చూచి పిమ్మట తీగను వెదకవలెను" అనెను.

ఆయన చెప్పిన దిది. గులాబిరంగు కన్నము మైకు కొఱకు. మైకునుండి వచ్చు విద్యుత్తు మిక్కిలి స్వల్పము, వోల్టులో వేయవవంతులు కొన్ని మాత్రమే. టేపు పెట్టె వెనుకనుండి వచ్చునది వోల్టులో సుమారు మూడవవంతు, అనగా దాదాపు 100 రెట్లు. పసిబిడ్డ నోటిలో ఉగ్గుగిన్నెతో పోయవలసిన చోట బిందెతో కుమ్మరించినట్లాయెను. పాట పగులుట కదియే కారణము. దానికి తగినది ప్రక్కనున్న నీలిరంగు కన్నము. ముల్లును అచ్చటికి మార్చినంతనే పగులు పోయినది.

హోరు మాత్రము మిగిలెను. అయిదు మీటర్ల తీగలో మాకు కావలసినది ఒకటిన్నర మీటరే. మిగిలినదానిని నేను చుట్టగా చుట్టి కరెంటు తీగలపై పడవేసితిని. మన యిండ్లలోని కరెంటు సెకండునకు 50 మాఱులు ఊగును. ఆ యూపును పాట తీగ పట్టుకొని హోరుగా వినిపించును. పొట్టి తీగ వేసి, దానిని కరెంటు తీగలకు దూరముగ జరిపి, వేర్వేరు గోడలలో నున్న రెండు పెట్టెల ప్లగ్గులను ఒకే బోర్డులో పెట్టించెను. హోరు అణగినది. ఆ పొట్టి తీగ వెల 150 రూపాయలు!

నాటినుండి నేను నేర్చుకొన్నవి చెప్పుదును. ఎఱుపు, తెలుపు ముళ్ళు గల జంట తీగను ఆర్.సి.ఏ. తీగ యందురు. అది 1930 ల కాలమున అమెరికా రేడియో సంస్థ తెచ్చినది. ఎఱుపు కుడివైపునకు, తెలుపు ఎడమవైపునకు. సన్నని 3.5 మిల్లీమీటర్ల ముల్లుపై నల్లని గీతలను లెక్కింపుడు. ఒక గీత యున్న ఒకే ధ్వని. రెండున్న కుడి యెడమలు రెండును. మూడున్న వానితోపాటు మైకు కూడ. స్పీకరునకు మాత్రము ఈ సన్నని తీగలు పనికిరావు. అచ్చట ఎక్కువ విద్యుత్తు ప్రవహించును గనుక లావుపాటి జంట రాగితీగ కావలెను. దూరము పెరిగినకొలది లావును పెరుగవలెను. కూడిక గుర్తును కూడిక గుర్తుతోనే కలుపవలెను. ఒక స్పీకరునకు తాఱుమాఱైనచో మృదంగపు గంభీరధ్వని పలుచబడును. ఇంటిలో వాడు పొట్టి తీగలకు బంగారుపూత వలన త్రుప్పు పట్టకుండుటయే లాభము. పాట మధురము కాదు.

ఇవి మనకు చేతగానివి కావు. పాటకచ్చేరీలలో నేటికిని వాడు లావుపాటి ముల్లు పూర్వము టెలిఫోను కార్యాలయములలో పుట్టినది. 1878 లో బోస్టను నగరమున ఎమ్మా నట్ అను నామె ఆ యుద్యోగమున చేరిన తొలి స్త్రీ. ఆమె తరువాత వేలకొలది స్త్రీలు దినమంతయు తీగ తీసి కన్నము మార్చుచు ఊరి మాటలను ఊరికి కలిపిరి. అట్టి పనికి మనము జంకుట యేల?

కావున, సోదరీమణులారా, అంగడికి పోవునపుడు రెండు పెట్టెల వెనుకభాగములను ఫోనుతో బొమ్మ తీసికొని పొండు. ఎచ్చటనుండి ఎచ్చటికి, ఎంత దూరము అని చెప్పి యడుగుడు. వెలను పిమ్మట అడుగవచ్చును.

ఆ రాత్రి పాటలన్నియు ఎక్కినవి. మూడవ జోలపాట నడుమ అమ్మ ఆగి, "పొయ్యిమీద పాలు చూడవే" అని నన్ను కేక వేసినది. ఆ మాట అందులో నున్నదని ముప్పదియేండ్లకు పైగా నేను మఱచితిని. మా అమ్మాయి దానిని తీసివేయుదునా యని యడిగినది. వలదంటిని.