సంతకం

పోయిన ఆదివారం ఫ్రేము షాపు నుంచి బొమ్మ వచ్చింది. మావారు కాగితం విప్పి సోఫా మీద నిలబెట్టారు. నల్ల ఫ్రేము, లోపల తెల్ల మౌంటు, మధ్యలో కొమ్ములే చెట్టుకొమ్మలైపోయిన జింక. ఎంత బావుందో! మా అమ్మాయి మాత్రం దగ్గరగా వంగి చూసి, "అమ్మా, ఆవిడ సంతకం ఏదీ?" అంది.

నిజమే. కింద ఎడమ మూలన ఉండాల్సిన సంతకం లేదు. షాపులో మాట్లాడి వచ్చింది నేనే. రెడీమేడ్ ఫ్రేమయితే మూడు వందలు తగ్గుతుందంటే, "అంచులు కాస్త లోపలికి పోయినా ఫర్వాలేదు బాబూ" అన్నదీ నేనే.

"పోనీ, పేరేమిటో గుర్తుందా?" అన్నారు మావారు. ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఎవరికీ గుర్తు లేదు.

ఆ బొమ్మ దసరా సెలవుల్లో భోపాల్ వెళ్ళినప్పుడు కొన్నాం. అక్కడ శ్యామలా హిల్స్ మీద 2013లో తెరిచిన గిరిజన మ్యూజియం ఉంది. లోపలి ఇళ్ళూ, గోడలూ, దేవతల గద్దెలూ గిరిజన కళాకారులే వచ్చి తమ చేతులతో కట్టారు. నెలకొక గిరిజన కళాకారుడి బొమ్మలు ప్రదర్శనకి పెట్టి, అమ్మకానికి ఉంచే గది కూడా ఉంది. ఆ రోజు అక్కడ ఒక గోండు ఆవిడ కూర్చుని ఉంది, నా వయసే ఉంటుంది. నాకొచ్చిన హిందీతో అరగంట కబుర్లు చెప్పుకున్నాం. పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, అన్నీ. పేరు కూడా చెప్పింది. మా అమ్మాయి బొమ్మ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది కూడా. అయినా మరిచిపోయాం.

ఇంటికొచ్చాక ఈ బొమ్మల సంగతి చాలా చదివాను. అందుకే ఇంకా సిగ్గేసింది.

భోపాల్‌లో పెద్ద చెరువు పక్కన భారత్ భవన్ 1982లో మొదలైంది. అందులో మ్యూజియం బాధ్యత తీసుకున్న చిత్రకారుడు జె. స్వామినాథన్ ముందుగానే గూడేలకు మనుషుల్ని పంపారు. 1981లో అలా పాటన్‌గఢ్ అనే ఊరికి వెళ్ళినవాళ్ళకి ఒక ఇంటి గోడ మీద బొమ్మ కనబడింది. వేసిన కుర్రాడి పేరు జంగఢ్ సింగ్ శ్యాం. జనాభా లెక్కలు రాస్తున్న రోజుల్లో పుట్టాడని ఆ పేరట. వీళ్ళు పర్ధాన్ గోండులు. తీగవాద్యం వాయిస్తూ దేవుళ్ళ కథలు పాడడం వీళ్ళ వృత్తి. మన ఆదిలాబాద్‌లో కిక్రి వాయించే పర్ధాన్ల వృత్తి కూడా ఇదే. పాటల్లో ఉన్న దేవుళ్ళను జంగఢ్ కాగితం మీదకి తెచ్చాడు.

మామూలుగా పాత మ్యూజియాల్లో గిరిజనుల వస్తువుల కింద చీటీ చూడండి. తెగ పేరు ఉంటుంది, ప్రాంతం ఉంటుంది, చేసిన మనిషి పేరు ఉండదు. భారత్ భవన్‌లో పట్నం చిత్రకారుల బొమ్మలతో సమానంగా, అదే కప్పు కింద వీళ్ళ బొమ్మలూ పెట్టారు. పేరుతో పెట్టారు. 1989లో జంగఢ్ బొమ్మలు పారిస్‌లో పాంపిదూ సెంటర్ దాకా వెళ్ళాయి. ఆయన వెనకాల వాళ్ళ ఊరివాళ్ళెందరో కుంచె పట్టారు. భోపాల్‌లో రాత్రిళ్ళు కాపలా ఉద్యోగం చేసిన భజ్జూ శ్యాం కూడా అందులో ఒకరు. ఆయనకి 2018లో పద్మశ్రీ వచ్చింది.

ఇంతవరకే అయితే కథ సుఖాంతమే. కానీ అంత పేరున్న జంగఢ్, జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేయడానికి వెళ్ళి, 2001 జులైలో అక్కడే తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఇంటికి వచ్చేయాలని ఉందని ఉత్తరాలు రాశాడంటారు. ఇక్కడి చిత్రకారులు ఎన్నో ప్రశ్నలు అడిగారు. అంతకుముందు ఆయన తొలిసారి జపాన్ వెళ్ళిన రోజుల్లో కూతురు పుడితే జపానీ అని పేరు పెట్టుకున్నాడు. ఆ పిల్ల జీవితమంతా ఆ పేరుతోనే పలకాలి కదా! నేను అక్కడ చదవడం ఆపేసి కాసేపు వంటింట్లోకి వెళ్ళిపోయాను. భార్య నన్‌కుసియా, జపానీ, కొడుకు మయాంక్ ముగ్గురూ ఇవాళ చిత్రకారులే.

గోడ మీద పేరు రాయడం మంచిదే. కానీ బొమ్మని అడిగి తెచ్చుకున్నవాళ్ళు, వేసిన మనిషి తిన్నాడా, ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడా అని కూడా చూడాలి కదా. పెళ్ళికి వంటవాళ్ళని పిలిచినా, వెళ్ళేటప్పుడు భోంచేశారా అని అడుగుతాం.

నన్‌కుసియా సోదరుడి భార్య దుర్గాబాయి వ్యాం. అంటే జంగఢ్ ఆవిడకి ఆడపడుచు భర్త, మన వరసలో అన్నయ్య. దుర్గాబాయి బడికి వెళ్ళలేదు. ఆరేళ్ళ వయసులో వాళ్ళ అమ్మ దగ్గర దిగ్నా నేర్చుకుంది. దిగ్నా అంటే పెళ్ళిళ్ళకీ, పంటల పండుగలకీ ఆడవాళ్ళు గోడల మీదా నేల మీదా వేసే ముగ్గు లాంటిది. భోపాల్ వచ్చాక జంగఢ్ ప్రోత్సాహంతో కాగితం మీద వేసింది. 2022లో ఆవిడకీ పద్మశ్రీ వచ్చింది.

దిగ్నా మీద ఎవరూ సంతకం చేయరు. మా అమ్మ కూడా నలభై ఏళ్ళు వాకిట్లో ముగ్గు వేసింది, ఏనాడూ పేరు రాయలేదు. అవసరమేముంది? మెలిక తిప్పిన తీరు చూసి "ఇది సరోజమ్మ ముగ్గే" అని వీధంతా చెప్పేది. సంతకం కావలసింది బొమ్మ ఊరు దాటినప్పుడు. అది తెలియని వాళ్ళ కోసం, మనలాంటి వాళ్ళ కోసం. తీసుకెళ్ళేవాళ్ళు పేరు కూడా జాగ్రత్తగా తీసుకెళ్ళాలి. మ్యూజియమైనా అంతే, మా హాలు గోడయినా అంతే.

సోమవారం పొద్దున్నే బొమ్మ పట్టుకుని షాపుకి పరిగెత్తాను. మౌంటు తీస్తే సంతకం ఉంటుందనే అనుకున్నాను. షాపబ్బాయి వెనక మేకులు ఊడదీసి, అట్ట పైకెత్తాడు. ఫ్రేములో పట్టడానికి కాగితం ఎడమ అంచు అంగుళం మేర కత్తిరించేశాడు. పేరు ముందు సగం పోయింది. మిగిలింది "బాయి" ఒక్కటే. అంటే అమ్మ, అక్క, ఎవరైనా. "మీరే కదా మేడమ్ ఫర్వాలేదన్నారు" అన్నాడు. ఏమంటాను?

ఇప్పుడు పెద్ద ఫ్రేము కట్టించాను, ఆ సగం పేరు కనబడేలా. వేయించకపోతే మిగిల్చానన్న మూడు వందల కంటే ఇప్పుడు ఎక్కువే అయింది. మావారు ఒక్క మాట అనలేదు.

గోండు చిత్రకారులు బొమ్మ లోపల నింపే చుక్కలూ, గీతలూ ఎవరివి వాళ్ళవేనట. చూసి ఫలానావాళ్ళదని చెప్పేస్తారట. మా జింక ఒళ్ళంతా వడ్లగింజల్లాంటి చిన్న చిన్న గీతలు, మధ్యలో చుక్క. ఫోటో తీసి, మేం వెళ్ళిన తేదీ రాసి, ఈవిడ పేరు చెప్పండి అని మ్యూజియంవాళ్ళకి పంపాను. జవాబు ఇంకా రాలేదు. రోజూ పొద్దున కాఫీ తాగుతూ ఫోను చూసుకుంటున్నాను.