ఇంట్లో చిన్న లేత్: మొదట ఏ లోహాన్ని పట్టాలి?

రక్తపోటు గురించో, మధుమేహం గురించో వ్రాయడం నాకు అలవాటు. ఈసారి లేత్ యంత్రం గురించి వ్రాస్తున్నాను. ప్రభుత్వ ఉద్యోగం నుండి విరమించి మొయినాబాద్ దగ్గర స్థిరపడిన నేను, డెబ్భై దాటిన వయసులో చిరకాల వాంఛ తీర్చుకుంటూ ఒక చిన్న లేత్ కొనుక్కున్నాను. పని మొదలుపెట్టిన మూడవ రోజునే కంటిలో ఇనుప నలుసు పడి, రోగిగా మరొక వైద్యుని ముందు కూర్చున్నాను. తప్పు యంత్రానిది కాదు. ఏ ఇనుమును కోస్తున్నానో తెలియకపోవడం మొదటి తప్పు. కళ్ళజోడు ఉన్నది కదా అన్న ధీమా రెండవది.

లేత్‌ను మన పెద్దలు తరిమెన అన్నారు. ఏటికొప్పాక లక్క బొమ్మలు తయారయ్యేది తరిమెన మీదనే. అక్కడ కొయ్య తిరుగుతుంది, ఇక్కడ లోహం తిరుగుతుంది. ఉలి స్థానంలో టూల్ ఉంటుంది. నేను కొన్నది బల్ల మీద అమర్చుకునే రకం. సుమారు 180 మిల్లీమీటర్ల వ్యాసం గల ముక్క తిరగడానికి వీలుంటుంది, పొడవు 350 మిల్లీమీటర్ల వరకు. ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటు సరిపోతుంది. బరువు మాత్రం నలభై కిలోలకు పైనే. నా వయసువారు ఒంటరిగా ఎత్తే సాహసం చేయవద్దు.

మొయినాబాద్ చుట్టూ ఇళ్ళ నిర్మాణం ఆగే పని కాదు. ఏ ప్రక్కకు వెళ్ళినా మిగిలిపోయిన ఇనుప కడ్డీల ముక్కలు కనబడతాయి. ఉచితంగా దొరికింది గదా అని 20 మిల్లీమీటర్ల టీఎంటీ కడ్డీ ముక్క ఒకటి తెచ్చి చక్‌లో బిగించాను. టూల్ తాకగానే టకటకమని చప్పుడు. నేను మరికొంచెం లోతుగా పెట్టాను. టూల్ కొన పలుకుగా విరిగింది. ఏమైనదో చూద్దామని వంగినప్పుడు ఏదో కంటికి తగిలింది. చదువుకునే కళ్ళజోడు ముందునుండి వచ్చేదాన్ని కొంత ఆపుతుందేమో గాని, ప్రక్కనుండి, క్రిందనుండి వచ్చేదాన్ని ఆపదు. ఈ మాట ఎందరికో చెప్పిన వైద్యుడినే నేను. సాయంత్రానికి కన్ను ఎర్రబడింది. రాత్రికి ఇసుక పోసినట్లు నొప్పి. మరునాడు నేత్రవైద్యులు స్వచ్ఛపటలం మీద కూర్చున్న ఇనుప నలుసును, దాని చుట్టూ అప్పటికే ఏర్పడిన తుప్పు వలయాన్ని సూదితో తొలగించారు. కంటిలో ఇనుము కొన్ని గంటలలోనే తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. కన్ను మానడానికి ఐదారు రోజులు పట్టింది. చూపు నిలిచింది, అది నా అదృష్టం.

కన్ను మానిన తరువాత ఆ కడ్డీ ముక్కను జేబులో వేసుకొని చేవెళ్ళ వెళ్ళాను. బీజాపూర్ రహదారి మీద ఆ మర్రిచెట్ల నీడలో ప్రయాణం నాకు మందు వంటిది. చేవెళ్ళలో ట్రాక్టరు భాగాలు, బోరు మోటారు బుష్‌లు బాగుచేసే ఒక చిన్న లేత్ దుకాణం ఉన్నది. అక్కడి మేస్త్రీ పాత లేత్‌కు ప్రాగా చక్ ఉంటుంది. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్ పేరు మా తరం వారికి కొత్త కాదు. మేస్త్రీ నా ముక్కను చూసి నవ్వాడు.

“గిది లేత్‌కు పనికిరాదు డాక్టర్ సార్. మీద పెంకు లెక్క గట్టిగుంటది, లోపల మెత్తగుంటది. గీ గీతలు టూల్‌ను కొడుతనే ఉంటయి. పేషెంటుకు ఏమున్నదో చూడకుంటనే మీరు సూది ఇస్తరా సార్?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. టీఎంటీ కడ్డీని ఎర్రగా కాలి ఉన్నప్పుడే నీటి ధారలతో హఠాత్తుగా చల్లారుస్తారు. అందువల్ల పైపొర గట్టిపడి, నడిమి భాగం సాగే గుణంతో మిగులుతుంది. కాంక్రీటుకు అదే బలం, కొత్తగా నేర్చుకునేవాని టూల్‌కు అదే గండం. పాత ట్రాక్టరు ఇరుసులు, బేరింగు రింగులు, లారీ కమాను పట్టీలు కూడా గట్టిపరచినవే. తుక్కు దుకాణంలో చవకగా దొరుకుతాయి గనుకనే వాటి జోలికి పోవద్దంటున్నాను.

మరి దేనితో మొదలుపెట్టాలి? నా మట్టుకు నేను అల్యూమినియం అంటాను. అయితే పాత గిన్నె ముక్కో, కిటికీ చట్రమో కాదు. అవి మరీ మెత్తన. టూల్ కొనకు బంకలాగా అంటుకొని, నునుపు రాకుండా చేస్తాయి. 6061 లేదా 6082 అనే సంఖ్యలతో అమ్మే గుండ్రని కడ్డీ అడిగి తీసుకోండి. 20 నుండి 25 మిల్లీమీటర్ల వ్యాసం చాలు. కోసేటప్పుడు కుంచెతో రెండు చుక్కల కిరోసిన్ అద్దితే అద్దం వంటి నునుపు వస్తుంది. కిరోసిన్ అంటుకునే ద్రవం; డబ్బాను యంత్రం ప్రక్కన ఉంచవద్దు.

తరువాత ఇత్తడి. లేత్ కోసమే తయారయ్యే ఇత్తడిలో సుమారు మూడు శాతం సీసం కలుపుతారు. అందుకే అది పొడవాటి తీగలుగా కాక చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. పని చేయడానికి దానంత హాయి గొలిపే లోహం లేదు. కాని సీసం సీసమే. పని అయిన వెంటనే సబ్బుతో చేతులు కడగనిదే మంచినీళ్ళు కూడా త్రాగవద్దు. ఆ ఇత్తడితో పసిపిల్లలు నోటిలో పెట్టుకునే బొమ్మలు, త్రాగునీటి పాత్రల భాగాలు చేయవద్దు. రజను అంటిన బట్టలతో మనుమలను ఎత్తుకోవద్దు. పిల్లల మెదడుకు సీసం చేసే హాని మళ్ళీ సరిదిద్దగలిగేది కాదు.

మూడవది ఉక్కు. ఈఎన్ 1ఏ అనే రకం లేత్ పనికి అనువుగా ఉంటుంది. అందులోనూ సీసం కలిపిన రకం ఉంటుంది గనుక అడిగి తీసుకోండి. మామూలు ఎమ్మెస్ బ్రైట్ బార్ దాని తరువాత. బీడు ఇనుము సులువుగానే తెగుతుంది గాని, నల్లటి పొడి యంత్రమంతా పరచుకుంటుంది, మాస్కు కావాలి. పాత బ్రేకు డ్రమ్ములు మంచి బీడు అని ఎవరైనా చెబితే నమ్మండి, కాని ఇంటికి తేవద్దు. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరితే ఫలితం దశాబ్దాల తరువాత తెలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు చివరి పాఠం. టూల్ కోయక ఒరుసుకున్నదంటే ఆ చోట అది మరింత గట్టిపడుతుంది. దాని నుండి వచ్చే పొడవాటి తీగలు మంగలి కత్తి వంటివి. యంత్రం ఆగిన తరువాత కొక్కెంతో తీయాలి, చేతితో కాదు.

వేగం కూడా లోహాన్ని బట్టే. హైస్పీడ్ స్టీలు టూల్‌తో ఎమ్మెస్‌ను నిమిషానికి 25 మీటర్ల వేగంతో కోయవచ్చు. 25ను 318తో గుణించి, ముక్క వ్యాసమైన 20తో భాగిస్తే సుమారు 400 చుట్లు. అల్యూమినియానికి దానికి మూడు రెట్లు పెట్టవచ్చు, స్టెయిన్‌లెస్‌కు సగమే. చక్ బయట మిగిలే ముక్క పొడవు దాని వ్యాసానికి మూడు రెట్లు మించితే టెయిల్ స్టాక్ ఆధారం ఇవ్వండి. లేకపోతే ముక్క ఊగుతుంది.

రాణిగంజ్‌లో లోహపు కడ్డీలు తూకానికి దొరుకుతాయి. మీటరు, రెండు మీటర్లు కొని అడుగు ముక్కలుగా కోయించుకోండి. ఇంటికి రాగానే ప్రతి ముక్క చివర రంగు పూయండి. నా దగ్గర అల్యూమినియానికి నీలం, సీసపు ఇత్తడికి ఎరుపు, ఉక్కుకు తెలుపు. రంగు లేని ముక్క చక్‌లోకి ఎక్కదు.

ఇక వైద్యుడిగా కొన్ని మాటలు. లేత్ దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు. ఆసుపత్రి అలవాటుకు ఇది విరుద్ధంగా తోస్తుంది. కాని తిరిగే చక్ తొడుగును పట్టుకుంటే వ్రేలిని కూడా తీసుకొనిపోతుంది. కండువా, లుంగీ, ఉంగరం, చేతి గడియారం, పొడుగు చేతుల చొక్కా అన్నీ బయటే. చక్ తాళం చెవిని చక్‌లో వదిలి స్విచ్ వేయడం అనుభవజ్ఞులు కూడా చేసే పొరపాటు. చేయి దాని మీదనుండి తీశామంటే అది చక్ నుండి బయటికి రావాలి. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను తిరగకుండా ఆపే స్విచ్ ఉన్నదో లేదో కొనేటప్పుడే చూసుకోండి. మన ఊళ్ళలో అది అలంకారం కాదు.

రక్తం పలుచబడే మాత్రలు వాడేవారికి చిన్న గాటు కూడా చాలాసేపు స్రవిస్తుంది. మధుమేహంతో వ్రేళ్ళ స్పర్శ తగ్గినవారికి వేడి రజను కాల్చిన సంగతి తెలియదు. మూర్ఛ, కళ్ళు తిరగడం, ఇన్సులిన్ వల్ల చక్కెర హఠాత్తుగా పడిపోవడం ఉన్నవారు ఈ సరదాను వదులుకోవడమే మంచిది. పేస్‌మేకర్ ఉన్నవారు కొలత పరికరాలను నిలబెట్టే అయస్కాంతపు దిమ్మెను గుండె దగ్గరకు తీసుకొనిపోవద్దు. ధనుర్వాతం టీకా తీసుకొని ఎన్నాళ్ళయిందో గుర్తులేనివారు, యంత్రం ఇంటికి వచ్చేలోపు వైద్యుణ్ణి అడిగి ఆ లోటు తీర్చుకోండి.

కంటిలో ఏదైనా పడినట్లు అనిపిస్తే నలపవద్దు, నాలుకతోనో గుడ్డ కొసతోనో తీయించుకోవద్దు. నొప్పి లేకపోయినా చూపు మసకగా ఉంటే లోహపు ముక్క కంటి లోపలికే దూసుకొనిపోయి ఉండవచ్చు; అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. చేవెళ్ళ, మొయినాబాద్ వారికి మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి దారిలోనే ఉన్నది. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. లోహపు పని చేసేవారు, ఎప్పుడో చేసి మానేసినవారు, ఎమ్మారై పరీక్షకు వెళ్ళినప్పుడు ఆ మాట ముందుగా చెప్పి తీరాలి. కంటిలో తెలియకుండా నిలిచిన ఇనుప రేణువును ఆ అయస్కాంతం కదిలించగలదు. అనుమానం ఉంటే ముందుగా కంటికి ఎక్స్‌రే తీస్తారు.

నా కంటికి తీయించుకున్నాను, శుభ్రంగా ఉన్నది. ప్రక్కలు కూడా మూసే కళ్ళద్దాలు పెట్టుకొని ప్రస్తుతం అల్యూమినియం మీదనే సాధన. ఒక అడుగు పొడవు కడ్డీని ఈ చివరి నుండి ఆ చివరికి ఒకే వ్యాసంతో తీయాలని ప్రయత్నం. నిన్నటికి తేడా మిల్లీమీటరులో పదవ వంతు వచ్చింది. మేస్త్రీ అది చూసి ఇంకా ఇత్తడి ముట్టవద్దన్నాడు.