పగటి దోమ

మా ఊరు అత్తిలిలో దోమకు ఒక వేళ ఉంది. పొద్దు వాలుతుంటే గొడ్ల సావిట్లో వేపాకు పొగ లేస్తుంది. దీపం పెట్టకముందే తలుపులు మూసేస్తాం. రాత్రి మంచాలకు దోమతెరలు కడతాం. తెల్లారి తెర విప్పి మడత పెట్టేశామంటే ఆ పూటకి దోమ సంగతి మరిచిపోవచ్చు. చుట్టూ కాలువలు, మురుగు కోడులు, సార్వా కాకపోతే దాళ్వా, ఎప్పుడూ ఏదో ఒక చేలో నీళ్లు. పడమర కొల్లేరు దాకా ఇదే వరస. ఇలాంటి చోట పుట్టి పెరిగాను కాబట్టి దోమ గురించి నాకు ఒకరు చెప్పాల్సింది ఏమీ లేదనే అనుకుంటూ వచ్చాను.

మా నాయనమ్మకి ఎడమకాలు బోదకాలు. చీర కుచ్చెళ్లు ఆ కాలి మీదకి ఎక్కువ జార్చి కట్టుకునేది. నా చిన్నతనంలో ఫైలేరియా వాళ్లు రాత్రి పదిదాటాక వచ్చి, నిద్రలో ఉన్నవాళ్లని లేపి, వేలిమీద పొడిచి గాజుపలక మీద నెత్తురు చుక్క తీసుకునేవారు. పగలు రావచ్చు కదా అని మా అమ్మ విసుక్కునేది. ఎందుకు రారో నాకు చాలా ఏళ్లకి గాని తెలియలేదు. బోదకాలు పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి చర్మం దగ్గరి నెత్తుట్లోకి వస్తాయట. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రే. దాని వేళను బట్టి పురుగు తన వేళ మార్చుకుంది. ఆ జబ్బు ఒక్క కాటుతో రాదు. నెలల తరబడి, ఏళ్ల తరబడి కుట్టించుకుంటే వస్తుంది. ఒకటీ రెండూ కుడితే ఏమవుతుందిలే అన్న తీరు మాకు అక్కడే అలవాటైంది.

2016 ఆగస్టు నెలాఖరున సింగపూర్‌లో దోమ తెచ్చే జికా జ్వరం బయటపడింది. అక్కడే ఉంటున్న మా అమ్మాయికి అప్పటికి ఆరో నెల. అంతకుముందే బ్రెజిల్‌లో ఆ జబ్బువల్ల చిన్న తలలతో పుట్టిన పసివాళ్లని టీవీలో చూసి ఉన్నాను. ఆ బొమ్మలు కళ్ల ముందునుంచి పోలేదు. పురిటికని నవంబరులో వెళ్దామనుకున్నదాన్ని సెప్టెంబరు చివర్లోనే బయల్దేరాను. పెట్టెలో సాంబ్రాణి, వేపనూనె సీసా, దోమతెర సర్దుకున్నాను.

వాళ్లది పదకొండో అంతస్తు. అంత ఎత్తుకి దోమ ఎక్కడొస్తుందిలే అని ధైర్యపడ్డాను. కింద లిఫ్టు దగ్గర మాత్రం ఈ వాడలో డెంగీ ఉందని పెద్ద బ్యానరు కట్టి ఉంది. కేసులు పదికి తక్కువైతే పసుపు, పదీ, ఆపైన అయితే ఎరుపు. రోజూ దాని కిందనుంచే కూరలకి వెళ్లొచ్చేదాన్ని.

వెళ్లిన రెండు వారాలకి, ఉదయం తొమ్మిది గంటలప్పుడు, అమ్మాయి బాల్కనీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఎండ ఫెళ్లున కాస్తోంది. దాని చీలమండ మీద నల్లటి దోమ, కాళ్లకి తెల్లటి పట్టీలు. నేను చరిచేలోగానే లేచిపోయింది. అమ్మాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇది పగటిదోమ అమ్మా" అంది, పొట్ట మీద చెయ్యి వేసుకుని.

అల్లుడుగారు టార్చి వేసి వెతికారు. బట్టలారేసే వెదురుగడలు దూర్చే గొట్టాలు చూశారు, వంటగట్టు మీద గిన్నెల స్టాండు కింది పళ్లెం చూశారు. దొరికింది నా తులసికుండీ కిందే. నేను వచ్చినప్పటినుంచి రోజూ భక్తిగా నీళ్లు పోస్తున్నాను. కింది పళ్లెంలో అర అంగుళం నీళ్లు నిలిచాయి. అందులో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. "అత్తయ్యగారూ, మీరు బాధపడకండి, తెలియక జరిగింది" అన్నారు ఆయన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ దోమ పేరు ఈడిస్, జికా, డెంగీ తెచ్చేది అదే. మురుగు దానికి అక్కర్లేదు, నిలిచిన మంచినీళ్లు చాలు. గుడ్డునుంచి రెక్కల దాకా వారం, పదిరోజుల పని. నీళ్లు పారబోసినంత మాత్రాన గుడ్లు పోవు. పళ్లెం అంచుకి అంటుకుని నెలల తరబడి ఎండిపోయి ఉండి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. అందుకే వారానికోసారి ఒంపి, అంచుల్ని తోమాలి. ఎక్కువ దూరం ఎగరదు కూడా. మనల్ని కుట్టిన ఈడిస్ చాలావరకు మన ఇంట్లోదో, పక్కింట్లోదో అయి ఉంటుంది.

అప్పుడే నాకు 2006 గుర్తొచ్చింది. ఆ ఏడు మన రాష్ట్రమంతా చికున్‌గున్యా. మా వీధిలో ఇంటికొకరు మంచం పట్టారు. పీట మీద కూర్చుంటే లేవలేక మూడునెలలు గోడ పట్టుకుని నడిచాను. ఊరు ఊరంతా మురుక్కాలువల్లో కిరసనాయిలు పోశాం, సాయంత్రాలు పొగలు వేశాం. నూతి దగ్గర గాబు మాత్రం నిండుగా అలాగే ఉంది. ఆ జబ్బు తెచ్చింది కూడా ఈ ఈడిసే. పదేళ్లు ఆలస్యంగా, దాదాపు మూడువేల కిలోమీటర్ల దూరంలో, ఆ సంగతి నాకు బోధపడింది.

సికిందరాబాదులో పనిచేసిన డాక్టరు రొనాల్డ్ రాస్ కథ నాకు అందుకే దగ్గరగా అనిపిస్తుంది. మలేరియా దోమవల్లే వస్తుందని నమ్మి ఆయన రెండేళ్లు దోమల్ని కోసి చూశాడు. అవన్నీ ఈడిస్, క్యూలెక్స్ దోమలే. వాటిలో ఏమీ దొరకలేదు. చివరికి మచ్చల రెక్కల అనాఫిలిస్ చేతికి వచ్చాక, 1897 ఆగస్టు 20న, దాని కడుపులో మలేరియా క్రిమి కనబడింది. అంత పట్టుదల ఉన్న మనిషి కూడా ముందు ఏ దోమ అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది.

ఆ పగటిదోమ కనబడిన తరవాత సింగపూర్ ఆసుపత్రిలో డాక్టరమ్మను నేను అడగని ప్రశ్న లేదు. డీట్ ఉన్న దోమల పూత కడుపుతో ఉన్నవాళ్లు చీటీ మీద రాసినట్టు వాడుకుంటే ప్రమాదం లేదంది. ఎండకి రాసుకునే క్రీము ముందు, దోమల పూత తరవాత. బట్ట కప్పిన చోట అక్కర్లేదు. పల్చటి రంగు బట్టలు, వదులుగా, చీలమండలు కప్పేలా కట్టుకోవాలి. దోమ గాలికి నిలవలేదు గనక కూర్చున్నచోట ఫ్యాను తిరగాలి. పుట్టబోయే బిడ్డకి రెండునెలలు నిండేదాకా ఏ పూతా వద్దు, ఉయ్యాలకి తెర కట్టడమే. నిమ్మ వాసనొచ్చే యూకలిప్టస్ నూనె పూతలు మూడేళ్లలోపు పిల్లలకి పనికిరావు. చెట్టు నూనె కదా, ఏం చేస్తుందిలే అనుకునేదాన్ని నేను. నా వేపనూనె సీసా పెట్టెలోనే ఉండిపోయింది. పసిబిడ్డ ఉన్న గదిలో సాంబ్రాణి పొగ కూడా వద్దంటే మానేశాను. అది మానడమే నాకు కష్టమైంది.

ఆ అక్టోబరులోనే సింగపూర్‌లో కొన్ని వాడల్లో ప్రభుత్వమే దోమల్ని వదలడం మొదలెట్టింది. వినగానే గుండె గుభేలుమంది. అవి మగదోమలు. మగది కుట్టదు, పూలతేనె తాగి బతుకుతుంది. వాటిలో వోల్బాకియా అనే సూక్ష్మజీవిని పెట్టి వదిలితే, వాటితో కలిసిన ఆడదోమ గుడ్లు పొదగవట. మా చెరువుల్లో దోమపురుగుల్ని తినే గంబూసియా చేపల్ని వదిలినప్పుడు నేను ఎంత సంబరపడ్డానో అంత సంబరపడ్డాను ఆ మాట అర్థమయ్యాక.

డిసెంబరు మొదటి వారంలో, అత్తిలిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి షష్ఠి జరిగే రోజుల్లోనే, అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఎత్తుకోగానే ముందు తల నిమిరి చూశాను. నిండుగా, గుండ్రంగా ఉంది.

పిల్లకి ఐదేళ్లప్పుడు షష్ఠికి అత్తిలి తీసుకొచ్చారు. మొదటి రాత్రే దోమలు కుట్టాయి. నాకు చిన్న దురదతో పోయింది. దాని చేతి మీద మాత్రం రేగుపండంత బొబ్బలు. ఏళ్లతరబడి ఒకే రకం దోమ కుడుతుంటే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. కొత్త ఒళ్లు ఎదురుతిరుగుతుంది. మాకు పుట్టిల్లయిన ఊరు దానికి పరదేశం. పక్కింటావిడ సున్నం పెట్టమంది. వద్దన్నాను. సబ్బునీళ్లతో కడిగి, ఐసుముక్క గుడ్డలో చుట్టి పదినిమిషాలు అద్ది, కాలమైన్ రాశాను. గోళ్లు కత్తిరించాను. గోకితే పుండై చీము పడుతుంది, సగం బాధ అక్కడే వస్తుంది. వాపు పెరిగి జ్వరం తగిలితే డాక్టరు దగ్గరికే.

మా చుట్టుపక్కల ఊళ్లనుంచి గల్ఫుకి, సింగపూర్‌కి పనికి వెళ్లేవాళ్లు చాలామంది. సెలవుకి వచ్చినవాళ్లకి, తిరిగి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ఊరు మారిన రెండువారాల్లో జ్వరం వస్తే, ఎక్కడినుంచి వచ్చారో డాక్టరుకి ముందే చెప్పండి. డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, బ్రూఫెన్ జోలికి పోవద్దు, నెత్తురు కారే ప్రమాదం పెరుగుతుంది. నీళ్లు, మజ్జిగ, గంజి తాగుతూ ఉండండి. జ్వరం తగ్గిందని పనిలోకి పోకండి. అసలు గండం అప్పుడే. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో నెత్తురు కనబడితే ఒక్క పూట కూడా ఇంట్లో ఉండకూడదు. పరాయిదేశంలో ఒంటరిగా గదిలో పడుకుని, ఒక్కరోజు చూద్దాంలే అనుకునే కుర్రాళ్లని తలుచుకుంటే నాకు దిగులేస్తుంది.

ఇప్పుడు మాకూ నిలవనీళ్లు పారబోసే శుక్రవారం డ్రైడే ఉంది. కిందటి షష్ఠికి మనవరాలు వచ్చినప్పుడు ఆ శుక్రవారం పొద్దున్నే నాతోపాటు పెరట్లోకి వచ్చింది. కొబ్బరిచిప్పలు బోర్లించింది, పాత టైరులో నీళ్లు ఒంపింది, కోళ్లు తాగే మూకుడు తిరగేసింది. గాబు దగ్గర మునివేళ్ల మీద నిలబడి లోపలికి తొంగిచూసి, "అమ్మమ్మా, ఇందులో కూడా ఉన్నాయి" అంది. నేను కొబ్బరిపీచు తెచ్చాను. నీళ్లు అరటిచెట్టు మొదట్లోకి వదిలేసి, ఇద్దరం గాబులోకి దిగి అంచులు తోమాం.