తాగరు... దాస్తారు!

అరచేతిలో ఇమిడిపోయే గాజు సీసా. అందులో బంగారు రంగు విస్కీ 50 మిల్లీలీటర్లు. మన దగ్గర దొరికే క్వార్టర్ సీసాలో మూడో వంతు కూడా ఉండదు. రెండు గుక్కల్లో ఖాళీ అయిపోతుంది. కానీ నలభై ఏళ్లుగా దాని మూత ఎవరూ తీయలేదు. ఇప్పుడున్న యజమాని కూడా తీయడు. పైగా పొద్దున్నే వెలుగులో పట్టుకుని, లోపలి మట్టం ఎంతుందో చూసుకుని మళ్లీ చీకటి అల్మరాలో పెట్టేస్తాడు!

తపాలా బిళ్లలు, నాణేలు, అగ్గిపెట్టెలు పోగుచేసేవాళ్లు మనకు తెలుసు. పాత సింగిల్ మాల్ట్ విస్కీ చిట్టి సీసాల సేకరణా అలాంటి సరదానే. వీటిని మినియేచర్లంటారు. రుచి చూపించడానికో, కానుకగా ఇచ్చుకోవడానికో, విమాన ప్రయాణికుల కోసమో తయారైన ఈ బుల్లి సీసాలకు ఐరోపాలో వీరాభిమానులున్నారు. నార్వే వ్యాపారవేత్త క్రిస్టియన్ రింగ్నెస్‌కు చిన్నప్పుడు తండ్రి ఓ చిట్టి సీసా ఇచ్చాడట. ఆ సరదా పెరిగి పెరిగి యాభై వేల సీసాలు దాటింది. వాటికోసం 2003లో ఓస్లో నగరంలో ఏకంగా ఓ మ్యూజియమే తెరిచారాయన. అందులో అన్నిరకాల మద్యం సీసాలూ ఉన్నాయి. సింగిల్ మాల్ట్ ప్రియుల లెక్క మాత్రం వేరు.

ఒకే బట్టీ సరుకు

మొలకెత్తించిన బార్లీతో, ఒకే డిస్టిలరీలో, రాగి పాత్రల్లో కాచి, కనీసం మూడేళ్లు ఓక్ పీపాల్లో ఉంచితేనే అది స్కాట్లాండ్ సింగిల్ మాల్ట్. అంటే సీసా మీద పేరు ఒక ఊరిది, ఒక బట్టీది. ఆ బట్టీ మూతపడితే ఆ రుచి అక్కడితో సరి.

1980ల మొదట్లో స్కాట్లాండ్‌లో అదే జరిగింది. గోదాముల్లో సరుకు పేరుకుపోయింది. కొనేవాళ్లు తగ్గారు. ఒక్క 1983లోనే ఎన్నో డిస్టిలరీలు మూతపడ్డాయి. ఇన్వర్‌నెస్ పట్టణంలోని గ్లెన్ ఆల్బిన్, గ్లెన్ వోర్ అలా ఆగిపోయినవే. తర్వాత వాటిని పడగొట్టేశారు. ఆ స్థలంలో దుకాణాలు వెలిశాయి. బట్టీ లేదు, పొగగొట్టం లేదు. మిగిలింది పీపాల్లో ఉన్న సరుకే. అలాంటి పీపాలు కొని సీసాల్లో నింపే సంస్థలు కొన్నున్నాయి. 1895లో ఎల్గిన్ పట్టణంలో కిరాణా దుకాణంగా మొదలైన గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ వాటిలో పేరున్నది. పెద్ద సీసాలతోపాటు మినియేచర్లనూ నింపింది. పెద్ద సీసాలు కొనలేని మామూలు ఉద్యోగులకూ ఆ పేర్లు అల్మరాలోకి వచ్చాయంటే వీటి చలవే.

అన్నీ అలా అంతరించలేదు. 1983లో ఆగిన బ్రోరా 2021లో, పోర్ట్ ఎలెన్ 2024లో తిరిగి తెరుచుకున్నాయి. అయినా పాత సీసాలకు గిరాకీ తగ్గలేదు. కొత్త బట్టీ కొత్తదే కదా!

లేబులే జాతకం

సీసా వయసు చెప్పేది లేబులే. బ్రిటన్ సీసా మీద '70 డిగ్రీల ప్రూఫ్' అని ఉంటే సాధారణంగా అది 1980కి ముందుది. ఇప్పటి లెక్కలో అది 40 శాతం ఆల్కహాల్. తర్వాత్తర్వాత శాతాల్లోనే రాస్తున్నారు. మూత ఆకారం, సీసా అడుగున అచ్చు, చిరునామా... అన్నీ ఆనవాళ్లే. పాతదంటే నకిలీల బెడదా తప్పదు. 2018లో స్కాట్లాండ్ శాస్త్రవేత్తలు 55 అరుదైన పాత విస్కీ సీసాలను పరీక్షిస్తే 21 చెప్పినట్టు లేవని తేలింది!

మూత తీయకపోయినా...

అసలు చిక్కు ఇంకోటుంది. వైన్‌లా విస్కీ సీసాలో పరిపక్వమవదు. పన్నెండేళ్ల విస్కీ ఇంకో యాభై ఏళ్లు దాచినా పన్నెండేళ్లదే. కానీ ఆవిరైపోతుంది. పీపాలో ఉన్నప్పుడు ఏటా దాదాపు రెండు శాతం గాల్లో కలుస్తుంది. దాన్ని 'దేవతల వాటా' అంటారు. సీసాలోకి చేరాక ఆ వాటా బాగా తగ్గుతుంది గానీ ఆగదు. పెద్ద సీసాలో చెంచాడు పోయినా తెలియదు. చిట్టి సీసాలో అదే చెంచాడు పదో వంతు! అందుకే నిలబెట్టి ఉంచుతారు, ఎండ తగలనివ్వరు, మూత చుట్టూ పల్చటి మైనపు పొర చుడతారు. ఎన్ని చేసినా మట్టం దిగుతూనే ఉంటుంది.

మరి దాచాలా, తాగాలా? సేకరించేవాళ్లలో ఎడతెగని వాదన ఇది. కూల్చేసిన బట్టీ రుచి ఎలా ఉండేదో చెప్పగలిగేది ఆ రెండు గుక్కలే. తెరిస్తే సీసా విలువ పోతుంది. తెరవకపోతే ఏదో ఒకనాటికి ఖాళీ సీసా, లేబులే మిగులుతాయి. అందుకే కొందరు మధ్యేమార్గం పట్టారు. ఒకే రకానివి రెండు కొంటారు. ఒకటి అల్మరాకు. రెండోది ఏ పండక్కో నలుగురు స్నేహితులు చేరినప్పుడు తలా చెంచాడు పంచుకోవడానికి!